‘ఇతరములు’ బల్ల మీది జముకు

(విశాఖపట్నంలో పిల్లల వేసవి సంగీత శిబిరం ముగింపు సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. అధ్యక్షులవారికి, నెల రోజులు ఓపిగ్గా పాఠాలు చెప్పిన గురువులకు, ముందు వరసలో కూర్చుని మాటిమాటికీ వెనక్కి తిరిగి అమ్మానాన్నల్ని వెతుక్కుంటున్న పిల్లలకు, ఫ్యాను కింద చోటు దొరకని పెద్దలకు, అందరికీ. నన్ను పరిచయం చేసినవారు చాలా గొప్పగా చెప్పారు. అందులోంచి ‘సంగీతజ్ఞులు’ అన్న మాట ఒక్కటి తీసేయండి. నేను ఫిజిక్స్ చెప్పి రిటైరైన మేష్టారిని. కచేరీలకు వెళ్తాను, వెనక వరసలో కూర్చుంటాను, తాళం తప్పు వేస్తాను. అంతే నా సంగీతం.

ఇవాళ నాకిచ్చిన అంశం వాద్యాల వర్గీకరణ. నిజానికిది అయిదు నిమిషాల విషయం. ముందు అది కానిచ్చేస్తాను.

భరతుడి నాట్యశాస్త్రం ఇరవై ఎనిమిదో అధ్యాయం మొదట్లోనే వాద్యాలు నాలుగు విధాలని తేల్చేస్తుంది. తీగ బిగించింది తతం: వీణ, తంబుర, సితార్. తోలు మూసింది అవనద్ధం: మృదంగం, తబలా, డోలు, డప్పు. గాలి ఊదితే పలికేది సుషిరం: వేణువు, సన్నాయి, శంఖం. తీగా తోలూ ఊదడమూ లేకుండా ఒళ్లే మోగేది ఘనం: తాళాలు, చిడతలు, గంట. అమరకోశం వల్లె వేసిన తరం ఇక్కడ ఇద్దరు ముగ్గురున్నా వాళ్లకిది కొత్త కాదు. పదమూడో శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో ఆరో అధ్యాయం మొత్తం వాద్యాలకే ఇచ్చాడు. ఆయనా ఈ నాలుగే చెప్పాడు.

ఫిజిక్స్ మేష్టారిగా నాకు ఇందులో నచ్చేదేమిటంటే, వాద్యం ఎంత ఖరీదు, ఎవరు వాయిస్తారు, గుళ్లో మోగుతుందా వీధిలో మోగుతుందా అని వాళ్లు అడగలేదు. ఒకటే అడిగారు. ఇందులో కదిలి శబ్దం పుట్టిస్తున్నది ఏది? పిల్లలూ, హార్మోనియానికి మెట్లు ఉన్నాయి కదా అని మోసపోకండి. లోపల పలికేది గాలి తగిలిన రీడు, అంటే సన్నటి లోహపు రేకు. అందుకని సుషిరంలోనే రాస్తారు. జలతరంగంలో నీళ్లు కనిపిస్తాయి కానీ మోగేది పింగాణీ గిన్నె. కాబట్టి ఘనం.

ఇప్పుడు కొంచెం దూరం వెళ్దాం. 1876లో కలకత్తా నుంచి రాజా శౌరీంద్రమోహన్ ఠాగూరు మన వాద్యాలు కొన్ని బెల్జియం రాజు లియోపోల్డుకు కానుకగా పంపించాడు. అవి బ్రస్సెల్స్ సంగీత మ్యూజియం చేరాయి. దాన్ని చూసుకునే మహియోఁ అనే ఆయన 1880లో జాబితా అచ్చువేయడం మొదలుపెట్టి, అన్ని దేశాల వాద్యాల్నీ నాలుగు తరగతులు చేశాడు. దానికి పునాది మన నాలుగు విభాగాలేనని చాలామంది రాశారు. దాన్నే ఇంకా విడగొట్టి 1914లో జర్మనీలో హార్న్‌బోస్టెల్, కుర్ట్ సాక్స్ అనే ఇద్దరు ప్రతి వాద్యానికీ దశాంశ అంకెలు ఇచ్చారు. ఆ అంకెల పద్ధతి గ్రంథాలయాల్లో పుస్తకాలకు వాడే డ్యూయీ పద్ధతే. వయొలిన్ అంకె 321.322. మ్యూజియంల వాళ్లు నేటికీ ఇదే వాడుతున్నారు.

మన ఊరి మాట ఒకటి చెప్పకుండా ముందుకు పోలేను. సర్ సి.వి. రామన్ చిన్నతనం ఇక్కడే గడిచింది. వాళ్ల నాన్నగారు ఏవీఎన్ కాలేజీలో అధ్యాపకులు. రామన్ పదకొండేళ్లకే మెట్రిక్యులేషన్ గట్టెక్కి అదే కాలేజీలో చదివాడు. ఆయన పేరు చెప్పగానే అందరికీ కాంతి, నోబెల్ గుర్తొస్తాయి. నాకు మాత్రం 1920 గుర్తొస్తుంది. ఆ ఏడాది శివకాళి కుమార్‌తో కలిసి ‘నేచర్’ పత్రికలో మృదంగం మీద రాశాడు. మామూలు తోలు మీద కొడితే పుట్టే స్వరాలు ఒకదానితో ఒకటి పొసగవు, అందుకే అది ఉత్త చప్పుడు. మృదంగం కుడిపక్క నడుమ వేసే నల్లటి పూత బరువు వల్ల అవి తీగ స్వరాల్లా వరసలోకి వస్తాయి. ఆ పూత ఎంత మందం, ఎంత వెడల్పు అని తేల్చుకున్నవాళ్లు ఏ ల్యాబులోనూ లేరు. మృదంగాలు బిగించే పనివాళ్లు చేతులతో, చెవులతో తేల్చుకున్నారు. రామన్ వాళ్ల పనికి లెక్క కట్టాడు.

నేను రాసుకొచ్చిన దాంట్లో ఇంకా నాలుగు పేజీలున్నాయి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగ నుంచి వీణ ఎలా తొలుస్తారో రాసుకున్నాను. అవి జేబులో పెట్టేస్తున్నాను. సభకు ముందు పక్క గదిలో మీరు పెట్టిన ప్రదర్శన చూశాను. అది చూశాక ఆ పేజీలు చదవబుద్ధి కావడం లేదు.

చక్కటి ప్రదర్శన, కాదనను. నాలుగు బల్లలు, నాలుగు అట్టముక్కలు: తత, సుషిర, అవనద్ధ, ఘన. మూలన అయిదో బల్ల. దాని మీద అట్ట ‘ఇతరములు’. ఆ బల్ల మీద పిల్లలాడుకునే ప్లాస్టిక్ కీబోర్డు, ఎవరిదో నీళ్ల సీసా, వాటి మధ్య ఒక జముకు.

జముకు చూసినవాళ్లు చేతులెత్తండి... చూశారా! విశాఖలో, ఇంతమందిలో, పది చేతులు లేవలేదు. శ్రీకాకుళం నుంచి అనకాపల్లి దాకా అమ్మవారి పండగల్లో దీని మోత లేని రాత్రి ఉండేది కాదు. కొత్త అమావాస్యకి నూకాలమ్మ జాతర వెళ్లే దారిలో నా చిన్నప్పుడు తెల్లారేదాకా జముకుల కథ వినేవాళ్లం. లోపల డొల్లగా ఉండే గొట్టం, ఒక పక్క తోలు మూత. ఆ తోలు నడుమ నుంచి ఒక నరం లాగి రెండో కొసకు చిన్న పుల్ల కడతారు. గొట్టాన్ని చంకలో ఇరికించుకుని, ఒక చేత్తో పుల్ల పట్టి నరాన్ని లాగుతూ వదులుతూ, రెండో చేత్తో మీటుతారు. లాగినప్పుడు గొంతు పైకి పోతుంది, వదిలితే జారుతుంది. పాడేవాడు ఒక మాట అంటే జముకు ఊఁ కొడుతుంది, ఏడిపిస్తుంది, వెక్కిరిస్తుంది.

మరి ఇది తతమా, అవనద్ధమా? చిన్న ప్రశ్న కాదు. బెంగాల్ బౌల్ గాయకుల ఖమక్ దీనికి చుట్టమే. 1914 పట్టికలో ఇలాంటివాటిని ‘మీటే డోళ్లు’ అని తోలు వాద్యాల్లో వేశారు. తరవాత లారెన్స్ పికెన్ అనే ఇంగ్లీషు పండితుడు కాదు, అసలు పలికేది తీగే, తోలు దానికి తోడు అని వాదించాడు. అంటే పండితులకే తెమల్లేదు. తెమలకపోవడంలో తప్పు లేదు. కానీ వాళ్లెవరూ దీన్ని తీసుకెళ్లి నీళ్ల సీసా పక్కన పెట్టలేదు.

నాకింత కోపం ఎందుకంటే, కొన్నేళ్ల కిందట మా అమ్మగారి ఊరి జముకు తాతను వెంటబెట్టుకుని ఒక ఆఫీసుకు వెళ్లాను. ఏ ఆఫీసో అనవసరం. పేద కళాకారుల పెన్షన్ ఫారం. అందులో గడులున్నాయి: గాత్రం, తీగ, తోలు, ఊదేవి, నాట్యం. ఒక దాంట్లోనే టిక్కు పెట్టాలి. తోలు అని పెట్టాం. కౌంటరులో ఆయన జముకు తిప్పి చూసి, ‘దీనికి తీగ ఉంది కదండీ’ అన్నాడు. దిద్ది తీగ అని పెట్టాం. లోపల పరీక్షించే పెద్దమనిషి, ‘తీగ వాద్యం అన్నారు, ఏం రాగం వాయిస్తారు?’ అని అడిగాడు. తాత ఎల్లమ్మ కథ ఎత్తుకోబోయాడు. ‘అది కాదయ్యా, ముందు ఇది తీగో తోలో చెప్పు’ అన్నాడాయన.

‘నరం మీటితే తోలు పలుకుతాది బాబూ. ఏటని సెప్పమంటారు?’ అన్నాడు తాత.

నేను ముప్పయ్యేళ్లు శబ్దం పాఠం చెప్పాను. ఇంతకంటే సరైన వాక్యం నా నోట రాలేదు. ఫారం వెనక్కి వచ్చింది, ‘వివరాలు అసంపూర్ణం’ అని. తాత మళ్లీ ఆ మెట్లెక్కలేదు. నేను రాసిన ఉత్తరాలకు జవాబూ లేదు.

మన ఊళ్లోనే పెరిగిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి సంగతి తలుచుకోండి. 1919లో విజయనగరం సంగీత కళాశాలకు విద్యార్థిగా చేరదామని వెళ్లారట. అప్పటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు వాయించమన్నారు. విన్నారు. విని, విద్యార్థి గడి కొట్టేసి అధ్యాపకుడి ఉద్యోగం ఇచ్చారు. 1936లో నాయుడు గారే ఆ కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు. ముందు విని, తరవాత ఫారం చూసే మనిషి అక్కడున్నాడు కాబట్టి అలా జరిగింది. పైగా నాయుడు గారి చేతిలో ఉన్నదేమిటి? వయొలిన్. ముత్తుస్వామి దీక్షితర్ తమ్ముడు బాలుస్వామి దీక్షితర్ నేర్చుకుని మన సంగీతానికి అమర్చిన విదేశీ వాద్యం. దాన్ని మనం తతంలో పీట వేసి కూర్చోబెట్టాం. బాగానే చేశాం. మరి మన అమ్మవారి ముందు మోగే జముకుకి ఇతరములా?

కొందరికి కష్టంగా ఉన్నా ఇంకో మాట అనేస్తాను. తోలు కాబట్టి తక్కువ అనేది నాట్యశాస్త్రంలో లేదు. మృదంగానిదీ తోలే, డప్పుదీ తోలే. ఒకటి వేదిక మీదికొచ్చింది, ఒకటి ఊరి బయట ఆగింది. దానికి తోలు కారణం కాదు, వాయించే మనిషి ఎవరన్నది కారణం. భరతుడి నాలుగు పేర్లకు మనం చాటుగా మెట్లు కట్టుకున్నాం.

కార్యదర్శిగారు చీటీ పంపారు, టైం అయిందని. అయిపోయింది, రెండే రెండు ముక్కలు. కార్యదర్శిగారూ, వచ్చే వేసవికి వీణా, మృదంగం, వేణువుతో పాటు జముకు క్లాసు ఒకటి పెట్టండి. నేర్పేవాళ్లు పల్లెల్లో ఇంకా ఉన్నారు. బస్సు ఛార్జీలు, భోజనం, మిగతా గురువులకు ఇచ్చినంత గౌరవ వేతనం. మొదటి ఏడాది ఖర్చు నా పెన్షన్‌లోంచి ఇస్తాను, ఇక్కడే అందరి ముందూ చెబుతున్నాను.

రెండోది పిల్లలకు. ఇంటికెళ్లి ప్లాస్టిక్ మూత ఉన్న ఖాళీ పాలపొడి డబ్బా తీసుకోండి. అడుగు రేకు నాన్నగారిచేత కోయించండి, మీరు ముట్టుకోవద్దు. మూత నడుమ చిన్న చిల్లు పెట్టి, బయటివైపు చొక్కా గుండీకి కట్టిన గట్టి దారాన్ని డబ్బాలోంచి అవతలికి లాగండి. చివర పెన్సిల్ కట్టి, చంకలో ఇరికించి, బిగించి మీటండి. ఇప్పుడు తమ్ముణ్ణో చెల్లినో పిలిచి మూత మీద అరచెయ్యి ఆనించమనండి. మళ్లీ మీటండి. తగ్గింది శబ్దం మాత్రమేనా, శ్రుతి కూడా మారిందా? తరవాత దారం ఇంకా బిగించి చూడండి. మీరు విన్నది కాగితం మీద రాసి, తీగ అంటారో తోలు అంటారో సంతకం పెట్టి పంపండి. వచ్చిన కాగితాలన్నీ కార్యదర్శిగారి దగ్గర తీసుకుని చదువుతాను.

ఇవాళ రాత్రి మీ ఇళ్లల్లో మోత ఎక్కువైతే పెద్దలు నన్ను తిట్టుకోండి, పిల్లల్ని ఏమీ అనకండి. సెలవు.