ఇంజిన్‌ను ఎప్పుడు పిలవాలి?

అందరికీ నమస్కారం.

ఇక్కడ ఆన్‌లైన్‌లో చెస్ నేర్పేవాళ్లు, నేర్చుకునేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. గేమ్ అయిపోగానే మన చెయ్యి ముందుగా పోయేది ఇంజిన్, అంటే ఏ ఎత్తు మంచిదో లెక్కగట్టి చెప్పే చెస్ ప్రోగ్రామ్, బటన్ మీదకే. కాసేపు దాన్ని నొక్కకండి అని అడగడానికే వచ్చాను. గేమ్ మధ్యలో నొక్కేవాళ్ల గురించి మాట్లాడను, దానికి పేరు మోసం.

1956లో అమెరికాలోని లాస్ అలమోస్‌లో మేనియాక్ అనే కంప్యూటర్‌తో చెస్ ఆడించారు. మామూలు బోర్డు దాని శక్తికి మించినది. అందుకని బోర్డును 36 గళ్లకు కుదించి, శకట్లను, అంటే బిషప్‌లను, తీసేశారు. ఆట నేర్చుకుని వారమే అయిన మనిషి మీద అది గెలిచింది. అంటే మనిషి మీద కంప్యూటర్ తొలి గెలుపు ఒక వేరియంట్‌లో, నియమాలు మార్చిన చెస్‌లో! అసలు చెస్‌లో ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ను 1997లో డీప్ బ్లూ 3.5-2.5 తేడాతో ఓడించింది. అది సెకనుకు 20 కోట్ల స్థితులు చూసేది. ఇవాళ మన ఫోన్‌లోని స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్ అంతకంటే చాలా తక్కువ చూసి, ఎంతో బాగా ఆడుతుంది. ఏ దారి వెతకక్కర్లేదో దానికి తెలుసు. 2020లో వచ్చిన 12వ వెర్షన్‌లో స్థితిని అంచనా వేసే చిన్న న్యూరల్ నెట్‌వర్క్, అంటే ఉదాహరణల నుంచి నేర్చుకునే ప్రోగ్రామ్, కూడా చేరింది. ఆ పద్ధతి జపాన్ వాళ్ల చదరంగం షోగిని ఆడే ప్రోగ్రాముల నుంచి వచ్చింది.

ఇక ఎవరిది పైచేయో చెబుతూ ఇంజిన్ బోర్డు పక్కన చూపించే అంకె. ప్లస్ 1 అంటే ఒక బంటు ఎక్కువున్నట్టు అని పాఠాల్లో చెబుతుంటాం. 2022 చివర్లో వచ్చిన 15.1 వెర్షన్ నుంచి స్టాక్‌ఫిష్ లెక్క వేరు. ఆ స్థితి నుంచి తనతో తానే ఆడుకుంటే గెలిచే అవకాశం సగం అని దాని అర్థం. గమనించారా, ఇంజిన్‌కి సగం! మన విద్యార్థికి, అతని ఎదుట కూర్చున్నవాడికి ఆ అంకె వర్తించదు. ప్లస్ 1 నుంచి సున్నాకి పడిందని పిల్లవాడు టెన్షన్ పడుతుంటే, ఆ తేడా ఎక్కడో పదిహేను ఎత్తుల తర్వాత కనిపించేది కావచ్చు.

మరి ఏం చేయాలి? ముందు విద్యార్థి చేతే గేమ్ చెప్పించండి. ఎక్కడ ఎక్కువసేపు ఆలోచించాడు, ప్రత్యర్థి ఏ ఎత్తు వేస్తాడని అనుకోలేదు, ఎక్కడ భయపడ్డాడు. ఇవి ఏ ఇంజిన్‌కీ తెలియవు. ఆ తర్వాత ఇంజిన్ పెట్టండి. అప్పుడు కూడా అది చూపే మంచి ఎత్తును బట్టీ పట్టించొద్దు. విద్యార్థి వేసిన ఎత్తునే బోర్డు మీద ఉంచి, ఇంజిన్ వేసే పైఎత్తు చూడమనండి. తన ఎత్తు ఎందుకు చెడ్డదో అక్కడ కళ్లకు కడుతుంది. దానికీ జవాబు వెతకమంటే ఇంకా మంచిది. ఒక గేమ్‌కి ఇలాంటి చోట్లు రెండో మూడో చాలు.

వేరియంట్లను చాలామంది కాలక్షేపం కింద తీసిపారేస్తారు. నేను ఒప్పుకోను. మాజీ ప్రపంచ ఛాంపియన్ బాబీ ఫిషర్ 1996లో ప్రకటించిన చెస్ 960లో వెనక వరుస పావులు 960 రకాలుగా మొదలవుతాయి. బట్టీ పట్టిన ఓపెనింగ్, అంటే ఆట మొదట్లోని ఎత్తుల వరుస, పనికిరాదు, మొదటి ఎత్తు నుంచే ఆలోచించాలి. క్రేజీహౌస్‌లో చంపిన పావును మన పావుగా మళ్లీ బోర్డు మీద దించొచ్చు. రాజు చుట్టూ ఖాళీ గడి ఎంత ప్రమాదమో రెండు ఆటల్లో తెలిసొస్తుంది. రాజును బోర్డు నడిమధ్యకి చేరిస్తే గెలిచే కింగ్ ఆఫ్ ద హిల్ మాత్రం కొత్తవాళ్లకు వద్దు. రాజును దాచమని నిన్న చెప్పి, ఇవాళ ఊరేగించమంటే ఎలా?

కొత్త నియమాలను రుచి చూడటానికీ ఇంజిన్లు పనికొస్తాయి. మాజీ ప్రపంచ ఛాంపియన్ క్రామ్నిక్ గూగుల్‌కి చెందిన డీప్‌మైండ్ వాళ్లతో కలిసి, క్యాస్లింగ్ (రాజును, ఏనుగును ఒకే ఎత్తులో కదపడం) లేని ఆటతో సహా 9 నియమ మార్పులను వాళ్ల ఆల్ఫాజీరో ప్రోగ్రామ్ చేత ఆడించి చూశాడు. 2020లో ఆ ఫలితాలు వచ్చాయి. ఏ గురువూ నేర్పని ఆటను ఆ యంత్రం తనతో తానే ఆడి నేర్చుకుంది.

ఇప్పుడు తెర మీద 960లోని ఒక స్థితి పెడుతున్నాను. ఇంజిన్ ఆఫ్‌లోనే ఉంది. తెల్లపావుల మొదటి ఎత్తు ఏమిటో, ఎందుకో, వెనక వరుసలో కూర్చున్నవాళ్లు ముందుగా చెప్పండి.