ముట్లుడగడం అందరికీ ఒకేలా ఉండదు: గోదావరి డెల్టా ఆడవాళ్ల సంగతి

(తెర మీద: అమలాపురం దగ్గర కొబ్బరితోట, మే నెల మధ్యాహ్నం)

మే నెలలో కోనసీమలో చెమట పట్టనిదెవరికి? అందుకే 46 ఏళ్ల ఆవిడకి ఉన్నట్టుండి ఛాతీ నుంచి మొహం దాకా సెగ ఎక్కి, జాకెట్టు తడిసి ముద్దయితే ఇంట్లోవాళ్లు "ఉక్కపోతే కదమ్మా" అంటారు. ఆవిడా అదే అనుకుంటుంది. కానీ కార్తీకమాసం చలిలో కూడా తెల్లవారుజామున దుప్పటి తోసేసి లేచి కూర్చుంటోందంటే, అది వాతావరణం వల్ల కాదు.

(తెర మీద: మెదడు బొమ్మ)

మన ఒంటి వేడిని మెదడులోని హైపోథాలమస్ చూసుకుంటుంది. ఈస్ట్రోజెన్ హార్మోను తగ్గేకొద్దీ దానికి ఓర్పు తగ్గుతుంది. వేడి రవ్వంత పెరిగినా కంగారుపడి, రక్తాన్ని చర్మం వైపు పంపి చెమట పట్టిస్తుంది. ఇవే ఆవిర్లు. వరసగా 12 నెలలు నెలసరి రాకపోతే ముట్లుడిగినట్టు లెక్క.

ఈ మార్పు ఆడవాళ్లందరికీ వచ్చేదే. బాధ మాత్రం అందరికీ ఒకటి కాదు. అమెరికాలో 1996లో 'స్వాన్' అనే పెద్ద పరిశోధన మొదలైంది. మూడు వేలకు పైగా ఆడవాళ్లను ఏళ్ల తరబడి గమనించారు. ఆవిర్లు ఎక్కువగా వచ్చింది నల్లజాతి ఆడవాళ్లకి. వాళ్లలో సగటున పదేళ్ల దాకా కొనసాగాయి. జపాన్, చైనా మూలాలున్నవాళ్లకి అయిదేళ్ల అటూఇటూ. దీన్నంతా జాతి మీదికి నెట్టేయకండి. బరువు, పొగతాగడం, డబ్బు ఇబ్బందులు, టెన్షన్ కూడా ఆవిర్లను పెంచుతాయి.

జపాన్‌లో మార్గరెట్ లాక్ అనే పరిశోధకురాలు అడిగితే, అక్కడి ఆడవాళ్లు ఆవిర్ల కంటే భుజాలు పట్టేయడం, తలనొప్పి గురించే ఎక్కువ చెప్పారు. మన దేశంలో అడిగినా కీళ్ల నొప్పులు, నీరసం ముందు వినిపిస్తాయి. నాట్లు వేసి నడుం పట్టేసిన మనిషికి, నరసాపురంలో లేసు అల్లుతూ మెడ పట్టేసిన మనిషికి ఏ నొప్పి పనిది, ఏది వయసుది అని ఎవరు విడదీసి చెబుతారు?

ఊరటగా అనుకునేవాళ్లూ ఉన్నారు. 1975లో మార్షా ఫ్లింట్ అనే పరిశోధకురాలు రాసిన వ్యాసంలో, ముట్లుడిగిన రాజ్‌పుత్ ఆడవాళ్లు పరదా వదిలి మగవాళ్ల మధ్య కూర్చుని మాట్లాడగలిగారు, బాధలు పెద్దగా చెప్పలేదు. మన వైపూ అంతే. ఆవకాయ జాడీ ముట్టుకోవద్దనేవాళ్లు ఉండరు, పూజకి రోజులు లెక్కపెట్టుకోనక్కర్లేదు, అయ్యప్ప మాల వేసుకోవచ్చు. ఈ సంతోషం నిజమైనదే. అయితే సంతోషంగా ఉన్నంత మాత్రాన ఎముకలు గుల్లబారడం ఆగదు.

(తెర మీద: ఆసుపత్రి వరండా. సంగీతం ఆగుతుంది)

ఇప్పుడు అసలు సంగతి. ఆ స్వాన్ పరిశోధనలో చేరాలంటే గర్భసంచి ఉండి తీరాలి. మన దగ్గర ఎంతమంది చేరగలిగేవారు? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం. ఇరవైలలో పిల్లల ఆపరేషన్, ముప్పైలలో తెల్లబట్టో అధిక రక్తస్రావమో, "పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకది" అనే మాట. కొందరికి ఆ ఆపరేషన్ నిజంగా అవసరం. కానీ మందులతో చూడదగ్గ జబ్బుకి కూడా కత్తే మొదటి దారి కావడం అన్యాయం. ఈ మాట నేను గట్టిగానే అంటున్నాను.

గర్భసంచి ఒక్కటే తీస్తే అండాశయాలు పని చేస్తూనే ఉంటాయి, కాకపోతే కొంత ముందుగా ఆగిపోవచ్చు. రెండు అండాశయాలూ తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఆవిర్లు తీవ్రంగా వస్తాయి, ఎముకలకి, గుండెకి ముప్పు పెరుగుతుంది. 45 లోపు అలా జరిగితే, రొమ్ము క్యాన్సర్ లాంటి అడ్డంకులు లేనివాళ్లకి హార్మోను మందులు వాడమని డాక్టర్లు తరచుగా చెబుతారు.

అందుకని మీ అమ్మగారి, అత్తయ్యగారి ఆపరేషన్ కాగితాలు బీరువాలోంచి తీయండి. అండాశయాలు ఉంచారా, తీశారా చూడండి. అర్థం కాకపోతే ఆ కాగితాలు గైనిక్ డాక్టర్‌కి చూపించండి. ఆపరేషన్ కాకుండా మామూలుగా ముట్లుడిగినవాళ్లకి ఏడాది దాటాక చుక్క రక్తం కనిపించినా వేడి చేసిందని మజ్జిగ తాగి ఊరుకోవద్దు. ఆ వారంలోనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.