తప్పు జరిగినప్పుడు ఏం చెబుతుంది? జావా అప్లికేషన్ సర్వర్ల రివ్యూ

నమస్కారం. ముందుగా తెర మీద ఉన్న ఈ ఒక్క ఎర్రర్ చదవండి. తెలుగులో చెప్పాలంటే, "ఆర్డర్ అనే క్లాస్‌ను ఆర్డర్ అనే క్లాస్‌గా మార్చడం కుదరదు" అంటోంది. క్లాస్ అంటే జావా ప్రోగ్రాములో ఒక భాగం. అచ్చుతప్పేమీ లేదు. రెండు చోట్లా అదే పేరు, అదే ప్యాకేజీ, ఒక్క అక్షరం కూడా తేడా లేదు. ఈ సర్వర్ల మీద పనిచేసిన వాళ్లకు ఇది కనబడగానే గుండె జారిపోతుంది. ఆ రాత్రి ఇక నిద్ర లేదని తెలిసిపోతుంది.

ఈ రోజు రివ్యూ వెబ్‌స్పియర్, వెబ్‌లాజిక్, జేబాస్ తరహా అప్లికేషన్ సర్వర్ల గురించి. బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో, టెలికాం సంస్థల్లో మనం రాసిన కోడ్‌ను నడిపేవి ఇవే. అమీర్‌పేటలో తిరిగిన వాళ్లకు వెబ్‌లాజిక్ అడ్మిన్, వెబ్‌స్పియర్ అడ్మిన్ అనే కోచింగ్ బోర్డులు గుర్తుంటాయి. ఆ పాఠాలు నేర్చుకుని ఉద్యోగాల్లో చేరిన తెలుగువాళ్లు ఇక్కడా ఉన్నారు, అమెరికాలోనూ ఉన్నారు. ఆ సర్వర్ల వాడకంలో పడే బాధ ఏమిటో వాళ్లందరికీ తెలుసు.

నేను ఫీచర్ల పట్టిక చదవబోవడం లేదు. ఈ రివ్యూలో నా కొలబద్ద ఒక్కటే. ఏదైనా చెడిపోయినప్పుడు, ఎక్కడ చెడిందో ఆ సర్వర్ డెవలపర్‌కు సూటిగా చెబుతుందా, లేదా?

మొదట చూసిన ఎర్రర్ దగ్గరికే వద్దాం. జావాలో ఒక క్లాస్‌కు గుర్తింపు పేరుతోనే పూర్తికాదు, దాన్ని మెమరీలోకి ఎక్కించిన లోడర్ కూడా ఆ గుర్తింపులో భాగమే. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న ఇద్దరు రెండు ఊళ్లలో ఉన్నట్టు అనుకోండి. ఈ సర్వర్లు తమ సొంత అవసరాల కోసం బోలెడన్ని లైబ్రరీలు, అంటే ముందే రాసిపెట్టిన కోడ్ కట్టలు, వెంట తెచ్చుకుంటాయి. మన అప్లికేషన్‌లో కూడా అదే లైబ్రరీ ఉంటుంది, కాకపోతే కొత్త వెర్షన్. టామ్‌క్యాట్ అనే తేలికపాటి సర్వర్ మామూలుగా మన అప్లికేషన్‌లో ఉన్నదాన్ని ముందు చూస్తుంది. వెబ్‌స్పియర్, వెబ్‌లాజిక్ మనం సెట్టింగు మార్చకపోతే సర్వర్‌లో ఉన్నదాన్నే ముందు తీసుకుంటాయి. అందుకే ల్యాప్‌టాప్‌లో టామ్‌క్యాట్ మీద చక్కగా నడిచిన కోడ్ ప్రొడక్షన్‌లో, అంటే అసలు వాడుకలో ఉన్న సర్వర్ మీద, బోర్లా పడుతుంది.

నా అనుభవం ఒకటి చెబుతాను. సర్వర్ పేరు, కంపెనీ పేరు చెప్పను. ఒక శనివారం రాత్రి 11 గంటలకు కొత్త వెర్షన్ ఎక్కించాం. పావుగంటలో ఫలానా మెథడ్, అంటే క్లాస్‌లో ఒక పని చేసే కోడ్, లేదంటూ ఎర్రర్ వచ్చింది. మెథడ్ ఉంది. మా జార్, అంటే క్లాస్‌లన్నీ కట్టగట్టిన ఫైల్, విప్పి చూసుకున్నాం, అందులో స్పష్టంగా ఉంది. తెల్లవారి నాలుగింటికి పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లాం. సోమవారం సపోర్ట్ టికెట్ పెడితే ముందు లాగ్‌లు పంపమన్నారు, తర్వాత ట్రేస్ పంపమన్నారు, ఆ తర్వాత కొత్త ఫిక్స్ ప్యాక్ వేసుకుని చూడమన్నారు. తొమ్మిదో రోజు మా జట్టులో చేరి ఆరు నెలలైనా కాని అమ్మాయి, సర్వర్ ఫోల్డర్లు ఒక్కొక్కటే వెతికి, ఆరేళ్ల నాటి పాత జార్‌ను పట్టుకుంది. సర్వర్ ఆ క్లాస్‌ను అక్కడి నుంచి తీసుకుంటోంది. ఏ ఫైల్ నుంచి తీసుకుందో ఎర్రర్‌తో పాటు ఒక్క వాక్యం రాసి ఉంటే ఆ తొమ్మిది రోజులు మిగిలేవి. ఆ సమాచారం సర్వర్ దగ్గర లేకపోలేదు, ఉంది. మాకు చెప్పలేదు, అంతే. నాకు కోపం వచ్చేది అక్కడే.

ఇది చేయలేనంత కష్టమైన పని కూడా కాదు. జావా 11 నుంచి, మొదట చూపించిన ఎర్రర్‌లోనే ఆ రెండు క్లాస్‌లను ఎవరెవరు ఎక్కించారో లోడర్ల పేర్లతో సహా వస్తోంది. జావా 14లో, ఖాళీ విలువను వాడబోతే వచ్చే నల్ పాయింటర్ ఎర్రర్‌కు కూడా ఏది ఖాళీగా ఉందో చెప్పే వివరణ చేర్చారు. కొత్త అల్గారిదం ఏదీ అక్కర్లేకపోయింది. కాస్త మాట సాయం చేశారు. దానివల్ల ఎంతమంది రాత్రులు బాగుపడ్డాయో.

ఇప్పుడు సందేశాల క్యూలు, అంటే ఒక ప్రోగ్రాం నుంచి మరో ప్రోగ్రాంకు సందేశాలు చేరవేసే వరసలు. ఐబీఎం ఎమ్‌క్యూ వాడిన వాళ్లకు 2035 అనే అంకె ఫోన్ నంబర్‌లా గుర్తుండిపోతుంది. అనుమతి లేదని అర్థం. ఎవరికి లేదు, దేనికి లేదు, ఏ నిబంధన అడ్డుపడింది అనేవి క్లయింట్‌కు తెలియవు. ఆ వివరాలు, క్యూలను నడిపే క్యూ మేనేజర్ ఉన్న మెషీన్‌లోని ఎర్రర్ లాగ్‌లో ఉంటాయి. లోపలి సంగతులు బయటివాళ్లకు చెప్పకూడదన్న భద్రతా కారణం దీని వెనక ఉంది, అది సరైనదే. కానీ చాలా సంస్థల్లో ఆ లాగ్ చూసే హక్కు డెవలపర్‌కు ఉండదు. ఎర్రర్ ఒకరికి, వివరణ మరొకరికి. మధ్యలో రెండు టికెట్లు, మూడు రోజులు. ఇక్కడ నేను తప్పుపట్టేది ఉత్పత్తిని కాదు, ఆ లాగ్‌ను దాచిపెట్టే మన సంస్థలను.

మంచి ఉంటే మంచే చెప్పాలి. వెబ్‌లాజిక్‌లో ఒక థ్రెడ్, అంటే సర్వర్ లోపల ఒక పనిని నడిపే ధార, 600 సెకన్లకు మించి ఒకే పనిలో ఇరుక్కుపోతే, బీఈఏ-000337 అనే కోడ్‌తో లాగ్‌లో రాస్తుంది. ఎన్ని సెకన్లుగా ఇరుక్కుంది, ఏ అభ్యర్థన మీద పనిచేస్తోంది, కోడ్‌లో ఏ వరుస దగ్గర ఆగింది, అన్నీ అక్కడే ఉంటాయి. ఇదీ నేను కోరుకునే సందేశం. వెబ్‌లాజిక్ యజమాని అయిన బీఈఏ కంపెనీని 2008లో ఒరాకిల్ కొనేసింది. అయినా ఆ మూడక్షరాలు లాగ్‌లలో అలాగే ఉండిపోయాయి. పదేళ్ల క్రితం ఎవరో రాసిపెట్టిన పరిష్కారం ఆ కోడ్‌తో వెతికితే ఈ రోజుకీ దొరుకుతుంది. కోడ్‌లు మార్చనందుకు వాళ్లకు నా కృతజ్ఞతలు.

అసలు ఈ పరిస్థితి ఎందుకు వచ్చిందంటే, కొనేవాళ్లు వేరు, వాడేవాళ్లు వేరు. లైసెన్స్ ధర ప్రాసెసర్ల లెక్కన మాట్లాడుకునే గదిలో డెవలపర్‌కు కుర్చీ ఉండదు. ఆ గదిలో అడిగేవి నిలకడ, సపోర్ట్ ఒప్పందం, రెండు డేటాబేసుల మధ్య లావాదేవీ సగంలో తెగిపోకుండా చూసే ఏర్పాటు. ఇవన్నీ అవసరమే. మీ డబ్బు ఒక ఖాతాలో తగ్గి రెండో ఖాతాలో చేరకపోతే ఎవరూ ఊరుకోరు. ఎర్రర్ సందేశం ఎలా ఉంటుందని మాత్రం ఆ గదిలో అడిగేవారు ఉండరు.

డెవలపర్లు తిరగబడ్డప్పుడు మార్పు వచ్చింది కూడా. ఈజేబీ అంటే ఈ సర్వర్ల మీద వ్యాపార కోడ్ రాసే జావా పద్ధతి. దాని రెండో వెర్షన్, ఈజేబీ 2 కాలంలో చిన్న పనికి కూడా హోమ్ ఇంటర్‌ఫేస్, మరో ఇంటర్‌ఫేస్, బీన్ క్లాస్, పైన చాంతాడంత ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైల్ రాయాల్సి వచ్చేది. ఇంత తతంగం అక్కర్లేదని రాడ్ జాన్సన్ అనే డెవలపర్ 2002లో పుస్తకం రాసి, కోడ్ కూడా ఇచ్చారు. ఆ కోడ్ నుంచే 2004లో స్ప్రింగ్ అనే జావా ఫ్రేమ్‌వర్క్ 1.0 వచ్చింది. 2006లో ఈజేబీ 3 ఆ తతంగాన్ని చాలావరకు వదిలేసింది. ఐబీఎం కూడా 2012లో లిబర్టీ అనే తేలికపాటి వెబ్‌స్పియర్ సర్వర్ తెచ్చింది. సెట్టింగులకు ఒక్క ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైల్, మొదలు కావడానికి కొద్ది సెకన్లు. కొత్త ప్రాజెక్టుకు సర్వర్ కావాలంటే నేను ముందు లిబర్టీనే చూడమంటాను. పాత భారీ సర్వర్లను ఇప్పటికే నడుస్తున్న వ్యవస్థల కోసం ఉంచుకోండి, కొత్తగా మాత్రం కొనవద్దు.

మీ సంస్థ ఏదైనా కొనబోతుంటే, అమ్మేవాళ్ల ప్రదర్శన రోజున మీరూ ఆ గదిలో కూర్చోండి. డేటాబేస్ పాస్‌వర్డ్ తప్పుగా ఇమ్మని అడగండి. డిస్క్ నింపేయమనండి. ఒకే లైబ్రరీని రెండు వెర్షన్లలో పెట్టమనండి. ఒక్కోసారీ లాగ్ తెరిపించి పైకి చదివించండి.

ఈ లోపల పాత సర్వర్‌తో కుస్తీ పడుతున్న వాళ్లకు ఒక చిట్కా. జావాను మొదలుపెట్టేటప్పుడు ఈ "వెర్బోస్ క్లాస్" ఆప్షన్ ఇవ్వండి. తెర మీద చూడండి, ప్రతి క్లాస్ పక్కన అది ఏ జార్ నుంచి వచ్చిందో రాస్తోంది. ఇదిగో మన ఆర్డర్ క్లాస్, రెండు వేర్వేరు ఫోల్డర్ల నుంచి రెండుసార్లు ఎక్కింది. ఆప్షన్ వివరణలో పెట్టాను. మీ దగ్గర ఎన్నేళ్ల నాటి జార్ బయటపడిందో కామెంట్లలో రాయండి.