గురించి, ద్వారా, కోసం: మానవ హక్కుల్ని ఎలా నేర్పుతారు?

[తెర నల్లగా ఉంటుంది. తెల్లటి అక్షరాలు ఒక్కొక్కటిగా పడతాయి: 1948 డిసెంబర్ 10, పారిస్]

ఆ రోజు ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో ఓటింగ్ జరిగింది. అనుకూలంగా 48 దేశాలు ఓటేశాయి. వ్యతిరేకంగా ఒక్కటీ లేదు. 8 దేశాలు తటస్థంగా ఉండిపోయాయి. సార్వత్రిక మానవ హక్కుల ప్రకటన అలా పుట్టింది. డిసెంబర్ 10న మానవ హక్కుల దినం జరుపుకునేది అందుకే. ఇంతవరకూ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది.

అంతగా తెలియని సంగతి ఒకటుంది. అదే రోజు, ఆ ప్రకటనతో పాటే, మరో చిన్న తీర్మానం కూడా చేశారు. ఈ ప్రకటనను అచ్చువేసి పంచండి, అందరికీ కనిపించేలా పెట్టండి, చదివి వినిపించండి, అర్థమయ్యేలా విడమరిచి చెప్పండి, ముఖ్యంగా బడుల్లో... అని దేశాలన్నిటినీ కోరారు.

ఎందుకు కోరారో ఒక్కసారి ఆలోచించండి. ఆ ప్రకటన వెనక అప్పటికి ఏ కోర్టూ లేదు, ఏ పోలీసూ లేడు. ఉల్లంఘించినవాడిని పట్టుకునే దారి లేదు. జనానికి తెలిస్తేనే అది బతుకుతుంది. ఈ విషయం రాసినవాళ్లకు ఎవరికన్నా బాగా తెలుసు.

[ముసాయిదా కాగితం. ఒక మాట మీద గీత. పైన కొత్త మాట]

ఆ ముసాయిదా మొదటి అధికరణంలో ‘పురుషులందరూ’ అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాట ఉండేది. అందులో అందరూ వచ్చేస్తారు కదా అన్నది అప్పటి వాదన. భారత ప్రతినిధి హంసా మెహతా ఒప్పుకోలేదు. ఆ మాట అలాగే ఉంచితే రేపు దాన్ని అడ్డం పెట్టుకుని ఆడవాళ్లను తప్పిస్తారని పట్టుబట్టింది. చివరికి ‘మానవులందరూ’ అన్న మాట నిలిచింది. ఆ రచనలో లెబనాన్ నుంచి చార్లెస్ మాలిక్, చైనా నుంచి పి.సి. చాంగ్, చిలీ నుంచి హెర్నాన్ శాంతా క్రూజ్ కూడా ఉన్నారు. హక్కుల పాఠం మొదలుపెట్టాల్సింది ఇక్కడేనని నాకు గట్టిగా అనిపిస్తుంది. 30 అధికరణాలు ఆకాశం నుంచి ఊడిపడలేదనీ, మనుషులు కూర్చుని, ఒక్కో మాట కోసం వాదించుకుని రాశారనీ ముందు తెలియాలి. అప్పుడు పిల్లలు కూడా వాదించడానికి జంకరు.

ఆ ప్రకటన ఇప్పుడు 500కు పైగా భాషల్లో దొరుకుతోంది. మరి, దొరికినంత మాత్రాన అందినట్టేనా?

[తెర మీద మూడు మాటలు: గురించి. ద్వారా. కోసం]

2011 డిసెంబర్ 19న ఐక్యరాజ్యసమితి ఇంకో ప్రకటన ఆమోదించింది. ఇది మానవ హక్కుల విద్య మీదే. అందులో రెండో అధికరణం ఈ చదువును మూడు ముక్కల్లో చెబుతుంది. హక్కుల గురించి నేర్చుకోవడం. హక్కుల ద్వారా నేర్చుకోవడం. హక్కుల కోసం నేర్చుకోవడం.

‘గురించి’ తేలికే. ఏ చట్టంలో ఏముంది, ఏ ఒప్పందం ఏ ఏడాది వచ్చింది... ఇది పుస్తకంలో దొరుకుతుంది, పరీక్షలో మార్కులూ వస్తాయి. ‘కోసం’ కూడా అర్థమవుతుంది. నేర్చుకున్నది పట్టుకుని, తన హక్కునూ పక్కవాడి హక్కునూ నిలబెట్టగలగడం.

మధ్యలో ఉన్న ‘ద్వారా’ దగ్గరే అందరూ జారిపోతారు. దాని అర్థం ఇది: నేర్పే పద్ధతిలోనే నేర్చుకునేవాళ్ల హక్కులకూ, నేర్పేవాళ్ల హక్కులకూ గౌరవం ఉండాలి. చేతిలో బెత్తం పట్టుకుని, ‘హింసకు గురికాకుండా ఉండే హక్కు’ పాఠం చెబితే పిల్లవాడు ఏం నేర్చుకుంటాడు? హక్కులనేవి పరీక్షలో రాయడానికే అని నేర్చుకుంటాడు. భావప్రకటనా స్వేచ్ఛ గురించి గంటసేపు ఉపన్యాసం ఇచ్చి, ప్రశ్న అడిగిన అమ్మాయిని కూర్చోబెట్టేస్తే ఆ గంటలో ఆమెకు గుర్తుండేది కూర్చోబెట్టడమే.

‘ద్వారా’ సరిగ్గా జరిగితే ఎలా ఉంటుందో చూడాలంటే సెనెగల్ వెళ్లాలి.

[మ్యాప్: పశ్చిమ ఆఫ్రికా. సెనెగల్ తీరాన ఒక చుక్క. మలికుండా బంబారా]

టోస్తాన్ అనే సంస్థ 1991లో అక్కడ మొదలైంది. వోలోఫ్ భాషలో ఆ మాటకు గుడ్డు పొదిగి పిల్ల బయటికి రావడం అని అర్థం. పల్లెల్లో పెద్దవాళ్లకు, ఎక్కువగా ఆడవాళ్లకు, వాళ్ల భాషలోనే తరగతులు పెట్టారు. అందరూ వలయంగా కూర్చునేవారు. పాట ఉండేది, నాటిక ఉండేది. మొదట ఆరోగ్యం, పరిశుభ్రత, సమస్య వస్తే ఎలా పరిష్కరించుకోవాలి. తర్వాత హక్కులు. అందులో ఆరోగ్యంగా బతికే హక్కు కూడా ఒకటి.

ఆ ప్రాంతంలో ఆడపిల్లల జననాంగాలను కోసే ఆచారం ఉండేది. దాని ఊసు వచ్చినప్పుడు మొదట ఎవరూ నోరు విప్పలేదు. బయటి మనిషి వచ్చి, ‘మీరు చేసేది తప్పు’ అని ఉంటే ఆ మౌనం అలాగే గడ్డకట్టేది. అక్కడ అలా జరగలేదు. ఆరోగ్యం హక్కు గురించి వాళ్లే మాట్లాడుకున్నారు. తమ కాన్పుల్లో, తమ కూతుళ్ల ఒంట్లో చూసినదానితో వాళ్లే పోల్చుకున్నారు. 1997 జూలై 31న మలికుండా బంబారా అనే ఊరి మహిళలు అందరి ముందూ నిలబడి, ఈ ఆచారాన్ని మానేస్తున్నామని ప్రకటించారు.

ఇక్కడితో కథ అయిపోతే బాగుండేది. చుట్టుపక్కల ఊళ్లలో గొడవ మొదలైంది. అప్పుడు డెంబా జావారా అనే ఇమామ్ ఒక మాట చెప్పాడు. ఈ మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనది ఆ మాటే. ఒక ఊరు ఒక్కటే మానేస్తే కుదరదు, ఎందుకంటే పెళ్లి సంబంధాలు పక్క ఊళ్లతోనే. కోత జరగని అమ్మాయిని వాళ్లు చేసుకోకపోతే ఏ తల్లి ధైర్యం చేస్తుంది? వియ్యమందే ఊళ్లన్నీ కలిసి మానాలి. మాట చెప్పి ఊరుకోలేదాయన. కాలినడకన బంధువుల ఊళ్లన్నీ తిరిగాడు. 1998 ఫిబ్రవరిలో జాబుగూ అనే చోట 13 ఊళ్లవాళ్లు కలిసి ప్రకటన చేశారు. సెనెగల్ ప్రభుత్వం చట్టం చేసింది ఆ తర్వాత, 1999లో.

ప్రకటన చేసిన ప్రతి ఇంట్లోనూ ఆచారం మర్నాటికల్లా ఆగిపోయిందని చెప్పను. తరాల నాటి భయం ఒక సభతో పోదు. కానీ ఒక హక్కును బంధుత్వాల దారిలో నడిపించాలన్న తెలివి ఏ సిలబస్‌లోనూ లేదు. అది తరగతిలో కూర్చున్నవాళ్ల దగ్గరే ఉంది. అడిగినందుకు బయటికొచ్చింది.

[వరసగా ఏళ్లు జరిగిపోతాయి: 1995, 2005, 2010, 2015, 2020, 2025]

ప్రభుత్వాల వైపు ఏం జరిగిందో త్వరగా చెప్పేస్తాను. 1995 నుంచి 2004 వరకు ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల విద్యా దశాబ్దం. 2005లో అదే విద్య కోసం ప్రపంచ కార్యక్రమం మొదలైంది. మొదట బడులు, తర్వాత కాలేజీలతో పాటు ఉపాధ్యాయులు, ప్రభుత్వ ఉద్యోగులు, పోలీసులు, సైన్యం, ఆ తర్వాత జర్నలిస్టులు, ఆపైన యువత. 2025లో ఐదో దశ వచ్చింది. డిజిటల్ సాంకేతికత, పర్యావరణం, స్త్రీ పురుష సమానత్వం ఇప్పుడు అందులో ముఖ్యం.

పోలీసుల దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. మెక్సికోలోని సియుదాద్ హువారెస్‌లో 2001లో ఒక పత్తి చేలో ముగ్గురు అమ్మాయిల శవాలు దొరికాయి. ఇళ్లవాళ్లు ‘మా పిల్ల కనబడటం లేదు’ అని వెళ్లినప్పుడు అధికారులు పట్టించుకోలేదు. ‘ఎవడితోనో వెళ్లి ఉంటుంది’ అన్న ధోరణే. కేసు అమెరికా ఖండాల మానవ హక్కుల కోర్టుకు చేరింది. 2009 తీర్పులో కోర్టు పరిహారం చెప్పి ఊరుకోలేదు. అధికారులకు మానవ హక్కుల మీద, స్త్రీల పట్ల వివక్ష మీద నిరంతరంగా శిక్షణ ఇవ్వాలని ఆదేశించింది. చదువే శిక్షలో భాగమైంది. ఆ అమ్మాయిల ప్రాణాలు తీసినవాళ్లు ఎవరైనా, వెతకాల్సినవాళ్ల కాళ్లు కదలకుండా చేసింది బుర్రలో పాతుకుపోయిన ఒక అభిప్రాయం. దాన్ని రెండు రోజుల వర్క్‌షాప్ కడగలేదు. నిరంతరంగా అన్న మాట అందుకే అక్కడుంది.

[పాత విశ్వవిద్యాలయ భవనం. ల్వీవ్]

ఇప్పుడు విశ్వవిద్యాలయాలకు వద్దాం. ఇవాళ ఉక్రెయిన్‌లో ఉన్న ల్వీవ్ నగరంలో, ఒకే విశ్వవిద్యాలయంలో, వేర్వేరు ఏళ్లలో ఇద్దరు యూదు విద్యార్థులు న్యాయశాస్త్రం చదివారు. రఫేల్ లెమ్కిన్, హెర్ష్ లౌటర్‌పాక్ట్. ఇద్దరి కుటుంబాలూ నాజీల చేతుల్లో దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ఒక జాతినే లేకుండా చేసే నేరానికి 1944లో లెమ్కిన్ ‘జెనోసైడ్’ అని పేరు పెట్టాడు. అప్పటిదాకా చట్టంలో దానికి విడిగా పేరు లేదు. పేరు లేని నేరానికి కేసు ఎలా రాస్తారు? రాజ్యం నుంచి కూడా వ్యక్తిని అంతర్జాతీయ చట్టం కాపాడాలని లౌటర్‌పాక్ట్ వాదించాడు. ‘మానవాళిపై నేరాలు’ అన్న మాట నాజీ నాయకులపై జరిగిన న్యూరెంబర్గ్ విచారణ శాసనంలోకి చేరడం వెనక ఆయన ఉన్నాడు. జాతి నిర్మూలన నేరంపై ఒప్పందం ఆమోదం పొందింది 1948 డిసెంబర్ 9న. హక్కుల ప్రకటనకు సరిగ్గా ఒక్క రోజు ముందు.

ఆ తర్వాత ఈ చదువుకంటూ ప్రత్యేకంగా చోట్లు ఏర్పడ్డాయి. 1969లో, హక్కుల ప్రకటన రాసినవాళ్లలో ఒకడైన రెనే కాసాన్ ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఒక సంస్థ పెట్టాడు. 1978లో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఒక కేంద్రం, 1984లో స్వీడన్‌లోని లుండ్‌లో రౌల్ వాలెన్‌బర్గ్ సంస్థ. నాకు ఎక్కువ ఇష్టమైనది మాత్రం ప్రిటోరియా. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్షే చట్టంగా ఉన్న రోజుల్లో, 1986లో, ఆ రాజధాని నగరపు విశ్వవిద్యాలయంలోనే మానవ హక్కుల కేంద్రం మొదలైంది. 1992 నుంచి వాళ్లు ఆఫ్రికా దేశాల విద్యార్థులతో మూట్ కోర్ట్ పోటీలు నడుపుతున్నారు. ఒక కల్పిత కేసు ఇస్తారు. బాధితుడి తరఫునా వాదించాలి, రాజ్యం తరఫునా వాదించాలి. రాజ్యం తనను తాను ఎలా సమర్థించుకుంటుందో లోపలి నుంచి చూసినవాడికి, రేపు దాన్ని ఎక్కడ నిలదీయాలో తెలుస్తుంది.

[రెండు పేర్ల జాబితాలు. కొన్ని పేర్లు రెండింటిలోనూ వెలుగుతాయి]

హక్కుల చదువు అంటే న్యాయశాస్త్రం ఒక్కటే అనుకుంటాం. పెరూలో 1980 నుంచి 2000 దాకా అంతర్యుద్ధం. ఎంతమంది చనిపోయారు? చాలా మరణాలు ఏ రికార్డుకూ ఎక్కలేదు. నిజ నిర్ధారణ సంఘం గణాంక శాస్త్రవేత్తల సాయం తీసుకుంది. వేర్వేరు సంస్థలు విడివిడిగా రాసుకున్న మృతుల జాబితాలను పక్కపక్కన పెట్టారు. ఒకే పేరు చాలా జాబితాల్లో మళ్లీ మళ్లీ వస్తే, లెక్కకు రానివాళ్లు తక్కువే. పేర్లు పెద్దగా కలవకపోతే, ఎవరి కంటా పడనివాళ్లు ఇంకా చాలామంది ఉన్నట్టు. 2003లో ఆ సంఘం ఇచ్చిన అంచనా 69,280. అప్పటిదాకా అనుకుంటున్నదానికి దాదాపు రెట్టింపు. బాధితుల్లో నలుగురిలో ముగ్గురి మాతృభాష కెచువా, లేదా మరో స్థానిక భాష. అంతమంది పోయినా దేశానికి తెలియకపోవడానికి కారణం ఆ ఒక్క వాక్యంలో ఉంది.

ఇలాంటి లెక్కలు తీసేవాళ్లంటే, ఇలాంటి పాఠాలు చెప్పేవాళ్లంటే పాలకులకు పడదు. 1933లో జర్మనీ యూదు ప్రొఫెసర్లను ఉద్యోగాల నుంచి తీసేసినప్పుడు వాళ్లను ఆదుకోవడానికి బ్రిటన్‌లో ఆర్థికవేత్త విలియం బెవరిడ్జ్ చొరవతో ఒక మండలి ఏర్పడింది. కారా అన్న పేరుతో అది ఇంకా పనిచేస్తూనే ఉంది. 1999లో షికాగోలో అలాంటి పనే చేసే స్కాలర్స్ ఎట్ రిస్క్ మొదలైంది. ఈ సంస్థల తలుపు తట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారంటే బాధగా ఉంటుంది.

[బ్యూనస్ ఎయిరీస్. తెల్ల రుమాళ్లు కట్టుకున్న వృద్ధ మహిళలు]

చివరగా అర్జెంటీనా. 1976 నుంచి 1983 దాకా సైనిక పాలన. వేలమందిని ఎత్తుకెళ్లి మాయం చేశారు. గర్భిణులను కాన్పయ్యేదాకా ఉంచి, తర్వాత చంపేసి, బిడ్డలను వేరే కుటుంబాలకు ఇచ్చేశారు. ఆ బిడ్డల అమ్మమ్మలూ నానమ్మలూ శాస్త్రవేత్తలను ఒక ప్రశ్న అడిగారు: తల్లీ తండ్రీ లేరు, మా రక్తంతో మా మనవల్ని గుర్తుపట్టొచ్చా? జన్యు శాస్త్రవేత్త మేరీ క్లేర్ కింగ్ ఆ ప్రశ్నను భుజాన వేసుకుంది. గుర్తించొచ్చని తేలింది. 1987లో జాతీయ జన్యు సమాచార బ్యాంకు ఏర్పడింది. ఇప్పటికి 130 మందికి పైగా మనవల ఆచూకీ తెలిసింది.

1984లోనే క్లైడ్ స్నో అనే అమెరికా ఫోరెన్సిక్ ఆంత్రొపాలజిస్టు, అంటే ఎముకలను చూసి చనిపోయినవాళ్లెవరో, ఎలా పోయారో తేల్చే నిపుణుడు, అక్కడికి వచ్చాడు. పేరు లేని సమాధులు తవ్వాలి. పేరున్న నిపుణులు ముందుకు రాలేదు. ఆయన మాటలు అనువదిస్తున్న వైద్య విద్యార్థి తన స్నేహితులను పిలుచుకొచ్చాడు. అంతా కుర్రాళ్లు, విద్యార్థులు. గునపాలు పక్కన పెట్టి, కుంచెలతో మట్టి ఎలా తీయాలో, ఎముక ఏం చెబుతుందో స్నో ఆ గోతుల్లోనే వాళ్లకు నేర్పాడు. పగలు పని చేయండి, ఏడుపు రాత్రికి ఉంచుకోండి అనేవాడు. 1985లో సైనిక నాయకుల విచారణలో ఆ ఎముకల సాక్ష్యం చెప్పాడు.

ఆ విద్యార్థులే అర్జెంటీనా ఫోరెన్సిక్ ఆంత్రొపాలజీ బృందం. 1992లో వాళ్లు ఎల్ సాల్వడోర్ వెళ్లి, ఎల్ మొసోతే ఊచకోత సమాధులు తవ్వారు. అక్కడ దొరికినవాటిలో ఎక్కువ పిల్లల ఎముకలే. తర్వాత దేశదేశాల్లో కొత్తవాళ్లకు ఈ పని నేర్పారు. ఆ రోజు స్నోకు అనువాదం చేసిన వైద్య విద్యార్థి, మోరిస్ టిడ్‌బాల్ బింజ్, 2021లో చట్టవిరుద్ధ హత్యలపై ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి అయ్యాడు.

[ఒక గొయ్యి. అంచున మోకాళ్ల మీద కూర్చున్న అమ్మాయి కుంచెతో మట్టి తీస్తుంటుంది. పక్కన పెద్దవయసు మనిషి చెయ్యి వచ్చి, కుంచె పట్టుకునే తీరు సరిచేస్తుంది. తెర నల్లబడుతుంది]