ఏసీ చల్లబడట్లేదా? మెకానిక్‌కి ఫోన్ చేసే ముందు ఇవి చూడండి

[గోడ మీద స్ప్లిట్ ఏసీ. గాలి వస్తోంది, చల్లదనం లేదు.]

వాయిస్: ఏసీ చల్లగా లేదనగానే "గ్యాస్ అయిపోయిందేమో" అంటారు. వాడితే అయిపోవడానికి అది వంటగ్యాస్ కాదు. సీలు వేసిన రాగి పైపుల్లో అదే గ్యాస్ తిరుగుతుంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకైనట్టే. దాని సంగతి చివర్లో చూద్దాం.

[రిమోట్ దగ్గరగా]

వాయిస్: రిమోట్‌లో మంచుపువ్వు గుర్తు ఉందా? ఫ్యాన్ గుర్తు ఉంటే గ్యాస్‌ని తిప్పే కంప్రెసర్ నడవదు, ఉత్త గాలే వస్తుంది. పిల్లల చేతిలో రిమోట్ పడే ఇళ్లలో ముందు చూడాల్సింది ఇదే. మోడ్ మార్చాక లేదా కరెంటు పోయి వచ్చాక కంప్రెసర్ అందుకోవడానికి 3 నిమిషాలు పట్టొచ్చు, కంగారుపడి ఆన్ ఆఫ్ చేయకండి.

ఏసీలో అసలు చలనమే లేకపోతే ఎమ్‌సీబీ, అంటే లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్, చూడండి. పడిపోయి ఉంటే ఒక్కసారి పైకి ఎత్తండి. మళ్లీ పడిందా, ఇక ముట్టుకోవద్దు. అది ఎలక్ట్రీషియన్ పని.

[ముందు ప్యానెల్ ఎత్తి, జాలీ ఫిల్టర్లు బయటికి తీస్తూ]

వాయిస్: ఎక్కువ ఇళ్లలో అసలు దొంగ ఈ ఫిల్టరే. స్విచ్ ఆపి బయటికి తీయండి. దుమ్ము పట్టిన వైపు కిందికి ఉంచి, వెనక నుంచి కుళాయి నీళ్లు పోయండి. ముందు నుంచి పోస్తే దుమ్ము జాలీలోకే దిగుతుంది. వేడినీళ్లు వద్దు, ఎండలో పెట్టొద్దు, ప్లాస్టిక్ ఫ్రేము వంకరపోతుంది. నీడలో పూర్తిగా ఆరాకే బిగించండి. వేసవిలో రెండు వారాలకోసారి చేస్తే చాలు.

[మంచు కట్టిన కాయిల్]

వాయిస్: ఫిల్టర్ పూడుకుపోతే దాని వెనకున్న కాయిల్, అంటే గాలిని చల్లబరిచే పైపుల చుట్ట, మీదుగా గాలి ఆడదు. అప్పుడు కాయిల్ సున్నా డిగ్రీల కిందికి దిగి, గాలిలోని తేమ దాని మీదే గడ్డకడుతుంది. ఆ మంచు మిగిలిన గాలికీ అడ్డం పడుతుంది. కత్తితో గీకారో, కాయిల్‌కి చిల్లు పడుతుంది. ఫ్యాన్ మోడ్‌లో రెండు మూడు గంటలు వదిలేస్తే అదే కరుగుతుంది. శుభ్రమైన ఫిల్టర్ ఉన్నా మళ్లీ మంచు కడితే, అప్పుడు గ్యాస్‌ని అనుమానించొచ్చు.

లోపలి యూనిట్ నుంచి నీళ్లు కారుతుంటే బయటికెళ్లే డ్రెయిన్ పైపు కొస చూడండి. పాచి పట్టిందా, పైపు మడతపడిందా, కొస బకెట్ నీళ్లలో మునిగిందా? నీటిలో మునిగితే గాలి అడ్డుపడి నీరు వెనక్కి నిలుస్తుంది.

[బాల్కనీలో అవుట్‌డోర్ యూనిట్, మీద ఆరేసిన దుప్పటి]

వాయిస్: దుప్పటి తీసేయండి. గది వేడినంతా ఇది బయటికి వదలాలి. దోమతెరలు, పావురాల గూళ్లు అడ్డొస్తే వేడిగాలి మళ్లీ దానిలోకే చేరుతుంది. ఫ్యాను తిరగకుండా గుయ్‌మంటుంటే వెంటనే ఆపండి. మూత మాత్రం విప్పొద్దు, కరెంటును నిల్వ చేసే కెపాసిటర్ లోపల ఉంటుంది, కరెంటు తీసేశాక కూడా దానిలో షాక్ కొట్టే ఛార్జ్ ఉంటుంది. గోడ బయట వేలాడే యూనిట్ కడగడానికి కిటికీలోంచి వంగొద్దు.

[లోపలి యూనిట్ పైన, కింద థర్మామీటర్]

వాయిస్: ఇవన్నీ అయ్యాక 20 నిమిషాలు నడిపి, పైన లోపలికి పోయే గాలినీ కింద బయటికొచ్చే గాలినీ థర్మామీటర్‌తో కొలవండి. సుమారు 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే ఏసీ బాగానే ఉంది. అయినా గది చల్లబడకపోతే పై అంతస్తు స్లాబు వేడో, తలుపు సందులో, గదికి చాలని టన్నేజో చూసుకోవాలి. తేడా 3, 4 డిగ్రీలే ఉంటే ఇక మెకానిక్‌ని పిలవండి. డిస్‌ప్లేలో ఎర్రర్ కోడ్ ఉంటే ఫోటో తీసి పంపండి.

[అవుట్‌డోర్ యూనిట్ మీది లేబుల్]

వాయిస్: మెకానిక్ గ్యాస్ నింపుతానంటే, ముందు లీకు ఎక్కడుందో పట్టుకోమనండి. లీకు మూయకుండా నింపితే కొన్నాళ్లకు మళ్లీ అదే ఖర్చు. లీకు మూశాక వాక్యూమ్ పంపుతో పైపుల్లోని గాలిని లాగేసి, లేబుల్ మీద రాసినన్ని గ్రాములు తూకం వేసి ఎక్కించాలి. లేబుల్ మీద ఆర్32 అని ఉంటే, ఆ రకం గ్యాస్‌కి మంట అంటుకునే గుణం ఉంది, అది తెలిసినవాళ్లే చేయాలి. త్రాసు, వాక్యూమ్ పంపు తెస్తున్నారా అని ఫోన్‌లోనే అడగండి.