టెర్మినేట్ నొక్కేముందు: ఈసీ2 సర్వర్, ఈబీఎస్ డిస్క్

[తెరపై: ఏడబ్ల్యూఎస్ కన్సోల్, ముంబయి రీజియన్]

నమస్కారం. క్లౌడ్‌లో సర్వర్ వేరు, దాని డిస్క్ వేరు. అమెజాన్ వెబ్ సర్వీసెస్ (ఏడబ్ల్యూఎస్)లో సర్వర్లను అద్దెకిచ్చే ఈసీ2, డిస్క్‌లను ఇచ్చే ఈబీఎస్‌లను తీసుకుని ఆ తేడాను పరిశీలిద్దాం.

ఈసీ2 ఇన్‌స్టాన్స్ అంటే డేటా సెంటర్‌లోని ఒక యంత్రంలో మనకు కేటాయించిన ప్రాసెసర్, మెమరీల వాటా. ఈబీఎస్ వాల్యూమ్, అంటే ఈబీఎస్‌లో మనం తీసుకున్న డిస్క్, ఆ యంత్రంలో ఉండదు, నెట్‌వర్క్ ద్వారా దానికి అటాచ్ అవుతుంది. అందుకే ఇన్‌స్టాన్స్‌ను స్టాప్ చేసి తిరిగి స్టార్ట్ చేసినప్పుడు అది వేరే యంత్రం మీద లేచినా, ఈబీఎస్‌లోని ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. 2006లో ఈసీ2 మొదలైనప్పుడు ఈబీఎస్ లేదు, అది 2008లో వచ్చింది. కొన్ని ఇన్‌స్టాన్స్ రకాల్లో లభించే ఇన్‌స్టాన్స్ స్టోర్ మాత్రం ఆ యంత్రంలోనే ఉన్న డిస్క్. అది చాలా వేగంగా పనిచేస్తుంది, రీబూట్‌ను తట్టుకుంటుంది, కానీ స్టాప్ చేస్తే అందులోని డేటా పోతుంది. డేటాబేస్‌కు ఉన్న ఒకే ఒక్క ప్రతిని అక్కడ పెట్టడం ఏమాత్రం తగదు.

[తెరపై: స్టోరేజ్ ట్యాబ్, "డిలీట్ ఆన్ టెర్మినేషన్" వరుస]

ఈ వరుసను తప్పక చూడండి. రూట్ వాల్యూమ్‌కు, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న డిస్క్‌కు, ఇది సాధారణంగా "ఎస్" అని ఉంటుంది కాబట్టి, టెర్మినేట్ చేస్తే, అంటే సర్వర్‌ను శాశ్వతంగా తొలగిస్తే, సర్వర్‌తోపాటే డిస్క్ కూడా తొలగిపోతుంది. తర్వాత మనం విడిగా అటాచ్ చేసిన వాల్యూమ్‌కు "నో" అని ఉంటుంది. సర్వర్ పోయినా అది మిగిలే ఉంటుంది, దానికి బిల్లూ వస్తూనే ఉంటుంది. ఆ బిల్లు మనం వాడిన స్థలానికి కాదు, తీసుకున్న మొత్తం జీబీలకు.

వాల్యూమ్ ఒకే అవైలబిలిటీ జోన్‌కు, అంటే రీజియన్ అనే ప్రాంతంలోని ఒక డేటా సెంటర్ల విభాగానికి, పరిమితం. మరో జోన్‌లో కావాలంటే స్నాప్‌షాట్ (వాల్యూమ్ ఆ క్షణంలో ఉన్న స్థితికి బ్యాకప్) తీసి, దాని నుంచి కొత్త వాల్యూమ్ సృష్టించుకోవాలి. 2022 నవంబరులో ప్రారంభమైన హైదరాబాద్ రీజియన్‌కైనా ఇదే దారి, ముందుగా స్నాప్‌షాట్‌ను అక్కడికి కాపీ చేయాలి. తొలి స్నాప్‌షాట్ తర్వాత తీసేవి మారిన బ్లాకులనే నిల్వ చేస్తాయి కనుక రోజూ తీసినా ఖర్చు అదుపులోనే ఉంటుంది.

[తెరపై: లినక్స్ టెర్మినల్, డిస్క్‌ల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్ ఫలితం]

వాల్యూమ్‌ను 20 నుంచి 40 జీబీకి పెంచాం. డిస్క్ 40 అని చూపిస్తున్నా, అందులోని విభాగమైన పార్టిషన్ ఇంకా 20 దగ్గరే ఉంది. గ్రోపార్ట్ కమాండ్‌తో పార్టిషన్‌ను, ఆ తర్వాత అందులో ఫైళ్లను అమర్చే ఫైల్ సిస్టమ్‌ను (అది ఈఎక్స్‌టీ4 రకమైతే రీసైజ్2ఎఫ్‌ఎస్ కమాండ్‌తో) పెంచితేనే ఆ స్థలం మనకు అందుతుంది. పెంచిన వాల్యూమ్‌ను తగ్గించే వీలు లేదు. చిన్నది కావాలంటే కొత్త వాల్యూమ్ సృష్టించి, ఫైళ్లన్నీ అందులోకి కాపీ చేసుకోవలసిందే.