హవూపి ఊళ్లో ఒక హత్య

శ్రోతలకు నమస్కారం. పోలండ్ ఉత్తర తీరాన సముద్రంలోకి సన్నగా సాగిన ఒక ఇసుక మేట ఉంది. దాని పేరు హెల్. పొడవు 35 కిలోమీటర్ల దాకా ఉంటుంది. వెడల్పు కొన్ని చోట్ల రెండు మూడు వందల మీటర్లే. ఒక పక్క బాల్టిక్ సముద్రం, మరో పక్క పుత్స్క్ అఖాతం. వెనకటి రోజుల్లో గట్టి తుఫాను వస్తే కెరటాలు ఇసుకను కోసుకుంటూ ఇటునుంచి అటు దాటిపోయేవి. అలాంటి చోట వెలసిన చేపలవాళ్ల పల్లె హవూపి. ఊరివాళ్లు కషూబియన్లు. పోలిష్‌కు చుట్టమే అయినా వాళ్లది వేరే భాష. 2005లో పోలండ్ దాన్ని ప్రాంతీయ భాషగా చట్టంలో గుర్తించింది.

ఆ తీరంలో ఒంటరిగా వేటకెళ్తే పూట గడవదు. అందుకే పడవలు, వలలు ఉన్నవాళ్లంతా కలిసి మాషోపెరియా అనే జట్టు కట్టేవారు. ఎవరు ఎక్కడ వల వెయ్యాలో చీటీలేసి తేల్చుకునేవారు. పడిన చేపను వాటాలు వేసుకునేవారు. అందులో వితంతువులకూ వాటా ఉండేది. ఈ మాట గుర్తుంచుకోండి.

1836 ఆగస్టు. అప్పటికి ఆ ప్రాంతం ప్రష్యా ఏలుబడిలో ఉంది. ఊళ్లో ఒకతను జబ్బుపడ్డాడు. నయం చేస్తానని వచ్చిన నాటువైద్యుడు ఇది చేతబడి అన్నాడు. చేసింది ఫలానా ఆమె అని క్రిస్టినా త్సెయ్‌నోవా వైపు వేలు చూపించాడు. ఆమె ఒక జాలరి భార్య, భర్త పోయినవాడు. ఊరు నమ్మింది. ఆమెను కొట్టారు, పడవలో తీసుకెళ్లి నీళ్లలోకి తోశారు. ఒంటిమీది పెద్ద పెద్ద పావడాల్లో గాలి నిండి ఆమె వెంటనే మునగలేదు. మునగకపోవడమే మంత్రగత్తె అనడానికి రుజువట! చివరికి తెడ్లతో కొట్టి చంపారు. బాణామతి పేరుతో జరిగిన దాడుల వార్తలు విన్న మనకు ఈ వరస కొత్తేమీ కాదు. ఆమెను పోలండ్ చివరి మంత్రగత్తె అని రాసేవాళ్లున్నారు. ఆ మాట నాకు మింగుడుపడదు. నీళ్లలో పడింది మంత్రగత్తె కాదు, వాటాకు హక్కున్న ఇరుగింటి మనిషి. ప్రష్యా కోర్టు దీన్ని హత్యగానే విచారించింది.

తరవాతి కథ వేరు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1920లో ఈ తీరం పోలండ్‌కు దక్కింది. 1922లో హెల్ చివరిదాకా రైలు వేశారు. అంతవరకూ ఇసుకలో కాళ్లీడ్చుకుంటూ చేరే ఊరికి పట్నంవాళ్లు రావడం మొదలైంది. 1980ల్లో ఇక్కడి బీచ్‌లో బట్టల్లేకుండా ఎండ కాచుకునే జనంతో హవూపి దేశమంతా మోగిపోయింది, 1985లో ఊరి పేరు మీద హిట్ పాటే వచ్చింది. పల్లెటూరి పెద్దవాళ్ల మొహాలు ఎలా మారి ఉంటాయో ఊహించుకోవచ్చు!

ఇప్పుడు అక్కడ గాలి తెరచాపల ఆటలదే రాజ్యం. అఖాతం వైపు నీళ్లు చాలా దూరం నడుము లోతే, గాలికి కొదవ లేదు. అందుకే విండ్‌సర్ఫింగ్, కైట్‌సర్ఫింగ్ నేర్చుకునే కుర్రాళ్లు అక్కడికే వస్తారు. వేసవిలో రైలు కిక్కిరిసిపోతుంది.